320 రూపాయల పొదుపు: డిమ్మర్ ఎల్‌ఈడీ డ్రైవర్ పేటెంటుతో నా అనుభవం

డిమ్మర్‌తో పనిచేసే నా ఎల్‌ఈడీ డ్రైవర్‌కు (బల్బుకు కరెంటు అందించే సర్క్యూట్) పేటెంటు గ్రాంటు వచ్చి నాలుగు రోజులైంది. సర్టిఫికెట్టు దించుకుని చూసుకున్నాను, బాగానే ఉంది. క్లెయిమ్ 1 (నా హక్కు ఎంతవరకో చెప్పే మొదటి వాక్యం) మాత్రం నేను అడిగినదాంట్లో సగమే. మిగతా సగం ఎలా పోయిందో, కోపం చల్లారకముందే రాసేస్తున్నా. పవర్ ఎలక్ట్రానిక్స్‌లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా సొంత యూనిట్ పెట్టుకుని మొదటిసారి పేటెంటుకు వెళ్లేవాళ్లు చదవండి.

ముందు విషయం ఏమిటో చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

ఫేజ్ కోసే డిమ్మర్లు, అంటే ప్రతి అర్ధచక్రంలో (ఏసీ కరెంటు ఒక దిక్కున పారే పది మిల్లీసెకన్లు) కొంత భాగాన్ని కోసేసి వెలుగు తగ్గించేవి, ఫిలమెంటు బల్బుల కాలంలో పుట్టాయి. జోయెల్ స్పైరా 1959లో మొదలుపెట్టిన డిమ్మర్ పని మీద 1962లో అమెరికా పేటెంటు 3,032,688 వచ్చింది. ఇవాళ గోడ మీదున్న డిమ్మర్లన్నీ ఆ దారిలో వచ్చినవే. మన ఇళ్లలో డిమ్మర్ అని విడిగా కొనేవాళ్లు తక్కువ. కానీ పాత ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పి చూడండి: అదే ట్రయాక్ (కరెంటును ఆన్ చేసే స్విచ్చు), దాన్ని వెలిగించే అదే డయాక్, సమయం లెక్కపెట్టే అదే ఆర్‌సీ (రెసిస్టర్, కెపాసిటర్). (స్టెప్పులు తిరిగే కెపాసిటర్ రెగ్యులేటర్ వేరు, దాన్ని ఇందులో కలపొద్దు.)

ట్రయాక్ ఒకసారి వెలిగాక ఆన్‌లో నిలవాలంటే దాని గుండా హోల్డింగ్ కరెంటు పారుతూ ఉండాలి. రకాన్ని బట్టి 5 నుంచి 50 మిల్లీఆంపుల దాకా. వంద వాట్ల బల్బు 230 వోల్టుల దగ్గర 435 మిల్లీఆంపులు లాగుతుంది, కాబట్టి దానికి ఏ గొడవా లేదు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ ఫుల్ వెలుగులో లాగేదే 40 చిల్లర. వెలుగు తగ్గించగానే ట్రయాక్ మధ్యలోనే ఆరిపోతుంది. ఆరిపోతే కాస్త వెలుగు తగ్గుతుందంతే కదా అనుకుంటారు చాలామంది. అసలు చిక్కు అది కాదు. ట్రయాక్ జీరో క్రాసింగ్ (వోల్టేజీ సున్నా దాటే క్షణం) కంటే ముందే తెగితే, మిగిలిన వోల్టేజీ డిమ్మర్ లోపలి టైమింగ్ కెపాసిటర్ మీదికి ఎక్కుతుంది. తర్వాతి అర్ధచక్రంలో అది వేరే చార్జితో మొదలవుతుంది, ట్రయాక్ వేరే చోట ఫైర్ (ఆన్) అవుతుంది. ఒక అర్ధచక్రం ఒకలా, పక్కది ఇంకోలా. సెకనుకు వందసార్లు జరిగే మిణుకును కన్ను సరిపెట్టుకుంటుంది కానీ ఇది యాభైకి దిగుతుంది. యాభైని కన్ను వదలదు.

దీనికి మందు బ్లీడర్: లోటు పడిన కరెంటును లాగి పారేసే సర్క్యూట్. అర్ధచక్రమంతా 30 మిల్లీఆంపులు లాగితే 6 వాట్లు దాటుతుంది, తొమ్మిది వాట్ల బల్బులో అంత వేడి ఎక్కడ పెడతాం? అదే, వోల్టేజీ 60 కిందికి దిగిన తోకలో, అంటే అర్ధచక్రం చివర్లో, మాత్రమే లాగితే, అది పది మిల్లీసెకన్లలో 0.6 మాత్రమే, వేడి 50 మిల్లీవాట్ల దగ్గర ఆగిపోతుంది. ఇదంతా పాత విద్యే. నేను చేర్చింది ఒక్కటే. ట్రయాక్ హోల్డింగ్ కరెంటు రెండు దిక్కులా ఒకటి కాదు. నా బల్ల మీదున్న ఒక రెగ్యులేటర్‌లో ఒక పక్క 9, ఇంకో పక్క 14 మిల్లీఆంపులు. బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే భాగం) దాటాక పోలారిటీ, అంటే కరెంటు ఏ దిక్కున వస్తుందో, కనిపించదు కాబట్టి అందరూ ఒకే విలువ పెడతారు. 14 పెడితే సగం చక్రాల్లో ఊరికే వేడి. 9 పెడితే అర్ధచక్రం విడిచి అర్ధచక్రం తెగడం, అంటే మళ్లీ యాభై. నా సర్క్యూట్ సరి, బేసి అర్ధచక్రాలను లెక్కపెట్టుకుని రెండు విలువలు విడివిడిగా నేర్చుకుంటుంది. కరెంటు పోయొచ్చి లెక్క తప్పితే రెండూ తారుమారై మిణుకు ఇంకా ఎక్కువవుతుంది. అందుకే వరసగా మూడు జీరో క్రాసింగులు కనబడకపోతే మొదటినుంచి నేర్చుకోవాలి. స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద అసలు తోకే ఉండదు, అక్కడ నేర్చుకోవడం ఆపేయాలి. ఇది తెలిసేలోపు రెండు ఫెట్లు (స్విచ్చింగ్ ట్రాన్సిస్టర్లు) కాలాయి.

ఇక పేటెంటు.

వెతుకులాట మీరే చేసుకోండి. సీపీసీలో (పేటెంట్ల వర్గీకరణ పట్టిక) హెచ్05బి 45/3575 అంటే డమ్మీ లోడ్లు, బ్లీడర్లే. 45/31 ఫేజ్ కంట్రోల్. ఈ రెండింటినీ ఎస్పాసెనెట్‌లో (యూరప్ పేటెంటు ఆఫీసు వెతుకులాట సైటు) పెట్టి ఒక వారం కూర్చుంటే మీ పక్కింటివాళ్లెవరో తెలిసిపోతుంది. నేను మూడు రోజులే కూర్చున్నాను, ఆ లోటు తర్వాత బయటపడింది.

తెలుగు రాష్ట్రాలు రెండూ చెన్నై పేటెంటు ఆఫీసు కిందికి వస్తాయి. గిండీ వెళ్లాల్సిన పని లేదు, అంతా ఆన్‌లైన్. క్లాస్ 3 డిజిటల్ సంతకం ఉంటే చాలు. ఫారం 1 అప్లికేషన్, ఫారం 2 స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ వివరణ), 3, 5 డిక్లరేషన్లు. ఉద్యం (చిన్న పరిశ్రమల నమోదు) సర్టిఫికెట్టు ఉంటే ఫారం 28 పెట్టండి, చిన్న సంస్థ రేటు పడుతుంది: ఫారం 1కి 1,600, త్వరగా పబ్లిష్ చేయమనే ఫారం 9కి 2,500, త్వరిత పరీక్షకు ఫారం 18ఎ 8,000. మొత్తం 12,100. పెద్ద కంపెనీకైతే 18ఎ ఒక్కటే 60,000. ఈ తొందర లేనివాళ్లు మామూలు ఫారం 18ని 4,000తో పెట్టుకోవచ్చు, కానీ 31 నెలల గడువు మరవకూడదు. ఇది 2024 మార్చి దాకా 48 నెలలుండేది, పాత లెక్కలు చెప్పే ఏజెంట్లు ఇంకా ఉన్నారు.

ఇంకో మాట. ఫైల్ చేయకముందు ఎగ్జిబిషన్లో స్టాల్ పెట్టి డేటాషీట్లు పంచకండి. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్‌కే చట్టంలో మినహాయింపు ఉంది, మిగతా ఎక్కడ చూపించినా మీ పేటెంటుకు మీరే గొయ్యి తవ్వుకున్నట్టు.

ఇప్పుడు 320 రూపాయల కథ.

ఫారం 1 ఫీజులో 30 పేజీలు, 10 క్లెయిములు కలిసి ఉంటాయి. పైన పేజీకి 160, క్లెయిముకు 320. నా డ్రాఫ్టు 32 పేజీలు వచ్చింది. చివరి రెండు పేజీలూ ఒక పట్టిక: 12 డిమ్మర్లు, ఒక్కోటి ఆరు మెట్ల వెలుగులో, ఒకే విలువతో మిణుకెంత, రెండు విలువలతో ఎంత. ఏజెంటు గారు ఫోన్ చేసి "సార్, ఈ టేబుల్ అవసరమా? తీసేస్తే ముప్పైలోపు వస్తుంది, 320 మిగుల్తుంది" అన్నారు. ఆయన ఫీజు 35 వేలు. నేను కూడా తల ఊపాను, అదే నాకు నామీద కోపం. ఆసిలోస్కోప్ బొమ్మ, ఫిగర్ 7, కూడా తీసేద్దామన్నారు. లైన్ డ్రాయింగ్‌గా మళ్లీ గీయించడానికి నాకు రెండు రోజులు పట్టిందన్న మమకారంతో దాన్ని ఉంచమన్నాను. తెలివితో కాదు.

ఐదో నెలలో మొదటి పరీక్ష నివేదిక వచ్చింది. అభ్యంతరాలు మూడు రకాలు. పేటెంటు చట్టం సెక్షన్ 3(కె): మెథడ్ క్లెయిములు అల్గారిథమ్, దానికి పేటెంటు ఇవ్వరు అన్నారు. నిజానికి ఏజెంటు గారు క్లెయిములో 'ప్రోగ్రామ్' అన్న మాట పెట్టారు, ఎర్ర గుడ్డ చూపించినట్టు. 3(ఎఫ్): తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టారు, అవి వేటికవి పనిచేస్తున్నాయి అన్నారు. మూడోది అసలైనది, 2(1)(జెఎ): ఇన్వెంటివ్ స్టెప్ లేదు, తెలిసినవాటి నుంచి తేలిగ్గా తట్టేదే అని. డీ1 అనే పాత పేటెంటులో బ్లీడర్ కరెంటును తగ్గించుకుంటూ పోయి ట్రయాక్ తెగిన చోట ఆగే పద్ధతి ఉంది. డీ2లో తోకలో మాత్రమే బ్లీడ్ చేసే సర్క్యూట్ ఉంది. రెండూ కలిపితే మీదే, కొత్తేముంది అన్నారు. ఆ డీ1 45/3575లోనే ఉంది. నేను వెతకని నాలుగో రోజు.

జవాబుకు ఆరు నెలల గడువు. మెథడ్ క్లెయిములు తీసేసి, 'నియంత్రణ సర్క్యూట్ ఈ విధంగా అమర్చబడింది' అని పరికరం క్లెయిములుగా మార్చాం. పట్టికను అనెక్సర్ 2గా జత చేసి పంపాం. హియరింగ్ పెట్టారు, వీడియోలో.

ఆ ఇరవై నిమిషాలు చెప్తాను. కంట్రోలర్ గారు (పేటెంటు ఆఫీసులో నిర్ణయం తీసుకునే అధికారి) మర్యాదస్తులు, ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. డీ1, డీ2 తెర మీద పెట్టి ఒక్క ప్రశ్న అడిగారు: ఒకే విలువతో పోలిస్తే మీ పద్ధతిలో సాంకేతికంగా మెరుగైందేమిటి, అది స్పెసిఫికేషన్‌లో ఏ పేజీలో ఉంది? ఏజెంటు గారు ధీమాగా "అనెక్సర్ 2 సర్" అన్నారు. "అది జవాబుతో వచ్చింది. ఫైల్ చేసిన స్పెసిఫికేషన్‌లో?" ఏజెంటు గారు కాగితాలు తిప్పడం మొదలుపెట్టారు. మైకులో కాగితాల చప్పుడు తప్ప ఏమీ లేదు. పన్నెండు డిమ్మర్ల ముందు రాత్రుళ్లు కూర్చుని రాసుకున్న 72 జతల కొలతలు నా ఎదురుగా నోట్‌బుక్కులో ఉన్నాయి, అవి ఆ గదిలో లేనట్టే. సెక్షన్ 59 ప్రకారం తర్వాత దిద్దే దిద్దుబాటు ఫైల్ చేసినప్పుడు లేని విషయాన్ని లోపలికి తేకూడదు. అనెక్సర్‌ను ఆసరాగా చూస్తాను కానీ స్పెసిఫికేషన్‌లో కలపలేరు అని ఆయన విడమర్చి చెప్తుంటే, పాఠశాలలో హోంవర్క్ ఇంట్లో మర్చిపోయిన పిల్లాడిలా కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చింది ఫిగర్ 7. ఏజెంటు గారిని ఆగమని మైకు ఆన్ చేశాను. ఆ బొమ్మలో పక్కపక్క అర్ధచక్రాలు రెండు. ఒకదాంట్లో వోల్టేజీ జీరో క్రాసింగ్‌కు 90 మైక్రోసెకన్ల ముందు పడిపోయింది, రెండోదాంట్లో 420 ముందు. దాని కింద పేరాలో నాలుగు వాక్యాలు: సరి బేసి విలువలు విడిగా పెట్టాక రెండూ 100 లోపుకు వచ్చాయి, అప్పుడు ఫైరింగు చోటు కదలడం ఆగింది అని. డీ1 ఒకే విలువ నేర్చుకుంటుంది కాబట్టి ఈ తేడా దానికి కనిపించనే కనిపించదు, లెక్కపెట్టేదీ బ్లీడ్ చేసేదీ ఒకదానిమీద ఒకటి ఆధారపడ్డాయి కాబట్టి 3(ఎఫ్) కూడా వర్తించదు అన్నాను. ఆయన ఆ పేరా రెండుసార్లు చదివారు. "అయితే క్లెయిమ్ 1లో దాన్నే రాయండి" అన్నారు.

పదిహేను రోజుల్లో రాతపూర్వక వాదన, సవరించిన క్లెయిములు పంపాం. గ్రాంటు వచ్చింది, ఫైలింగ్ నుంచి 17 నెలలు. కానీ నేను మొదట అడిగింది 'డిమ్మర్‌ను బట్టి తోకలో బ్లీడ్ సర్దుకునే ఏ సర్క్యూట్ అయినా'. ఇప్పుడున్నది సరి బేసి విడివిడిగా నేర్చుకునేది మాత్రమే. ఒకే విలువను కాస్త తెలివిగా మార్చుకునే పోటీవాడిని నేను ఆపలేను. పట్టిక లోపల ఉంటే వేడి తగ్గుదల మీద ఇంకో స్వతంత్ర క్లెయిమ్ నిలబడేదేమో.

కాబట్టి విఫలమైన ప్రయోగాలతో సహా కొలతలన్నీ స్పెసిఫికేషన్‌లో పోయండి. పేజీలకు డబ్బు కట్టండి. చేతిలో పూర్తి డేటా లేకపోతే అదే 1,600కు ప్రొవిజనల్ (తాత్కాలిక) స్పెసిఫికేషన్ వేసి, 12 నెలల్లోపు కంప్లీట్ (పూర్తి) వేయండి. ప్రొవిజనల్‌కు క్లెయిములు కూడా అక్కర్లేదు. విలువలు ఒక్క అంకెగా కాక పరిధిగా రాయండి: '14' అని కాదు, '5 నుంచి 50, మేలైనది 8 నుంచి 20' అని. రేపు తగ్గించుకోవాల్సి వస్తే ఆ లోపలి పరిధే మెట్టవుతుంది. క్లెయిములో వచ్చే ప్రతి భాగానికీ బొమ్మలోని నంబరు పక్కన వేయండి, లేకపోతే ఆ ఒక్క కారణానికే ఒక అభ్యంతరం పెడతారు. హియరింగ్‌కు ఏజెంటును ఒంటరిగా పంపకండి, సర్క్యూట్ ఆయనకు తెలియదు.

నిన్న ఏజెంటు గారి వాట్సాప్ వచ్చింది: "కంగ్రాట్స్ సార్, రెన్యువల్స్ మేం చూసుకుంటాం, ఏడాదికి 5 వేలు." మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా మాలాంటి వాళ్లకు ప్రభుత్వ ఫీజు ఏడాదికి 800. తేదీ సోల్డరింగ్ బల్ల మీది క్యాలెండర్లో రాసుకున్నాను. ఫారం 27 (పేటెంటును వాడుతున్నామా లేదా చెప్పే నివేదిక) మూడు ఆర్థిక సంవత్సరాలకు ఒకసారి, అదీ దాని పక్కనే.