సమాధి దారిలో ప్రభువు కన్నీళ్లు

"యేసు కన్నీళ్లు విడిచెను" అని యోహాను సువార్త 11వ అధ్యాయం 35వ వచనంలో చదువుతాము. మూడే మాటలున్న ఈ వచనం దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను, ఎందుకంటే ఆ రోజు లాజరు ఊరైన బేతనియలో ఏడవనవసరం లేనివారు ఎవరైనా ఉన్నారంటే అది ఆయన ఒక్కరే. నిద్రించిన, అంటే చనిపోయిన, తన స్నేహితుడు లాజరును మేలుకొలపడానికి వెళ్తున్నానని శిష్యులతో ముందే చెప్పి బయలుదేరిన ప్రభువుకు, కాసేపట్లో ఆ సమాధి తెరుచుకుంటుందని తెలుసు. తెలిసి కూడా ఏడ్చారు.

లాజరు అక్కాచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ ఒకే మాటతో ఆయనకు ఎదురయ్యారు: "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును." అందులో విశ్వాసమూ ఉంది, నిష్ఠూరమూ ఉంది. మార్తతో ఆయన పునరుత్థానమును జీవమును తానేనని చెప్పారు. అదే మాట మరియ ఆయన పాదాలమీద పడి అన్నప్పుడు మాత్రం వాగ్దానమేదీ వినిపించలేదు. ఆమె ఏడ్పు చూసి ఆయన ఆత్మలో కలవరపడి, అతనిని ఎక్కడ ఉంచారని మాత్రమే అడిగారు. ఒకరికి వాక్యం, మరొకరికి కన్నీరు దొరికాయి. మరియకు దొరికింది తక్కువని నేను అనుకోను.

ఆ కన్నీటిని చూసిన యూదులు, ఆయన లాజరును ఎంతగా ప్రేమించాడో చూడండని చెప్పుకున్నారు. అది విశ్వాసం తక్కువైనందువల్ల వచ్చిన ఏడ్పని వారు అనుకోలేదు. మనమైతే దుఃఖంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి, విశ్వాసులు ఏడవకూడదని, అంతా దేవుని చిత్తమని తొందరపడి చెబుతుంటాము. నేనూ అలా చెప్పినవాడినే, అందుకు ఈనాటికీ బాధపడుతున్నాను. అలా చెప్పేటప్పుడు ఆధారంగా చూపే 1 థెస్సలొనీకయులకు 4:13లో పౌలు దుఃఖపడవద్దని ఊరుకోలేదు, నిరీక్షణ లేని ఇతరులవలె దుఃఖపడవద్దన్నాడు. ఆ ఒక్క మాట వదిలేస్తే ఓదార్పు కాస్తా గద్దింపు అవుతుంది. పరలోకం తెరువబడడం కన్నులారా చూసిన హతసాక్షి స్తెఫను చనిపోయినప్పుడు కూడా, భక్తిగల మనుష్యులు అతనిని సమాధి చేసి బహుగా ప్రలాపించారని అపొస్తలుల కార్యములు 8:2 చెబుతుంది.

లాజరు తిరిగి లేచాడు, నిజమే. అయితే రాయి తీసివేయమని ప్రభువు ఆజ్ఞాపించింది తరువాతి సంగతి. అంతకుముందు "వచ్చి చూడుము" అని పిలిచిన వారి వెంట, వారితోపాటే ఏడుస్తూ, ఆయన ఆ సమాధి వరకు నడిచారు.