అరిగిన బిట్టు

రాత్రంతా నిద్ర లేదు. తెల్లవారుజామున, లోతైన బావి అడుగున రాయిని తొలిచే డ్రిల్ బిట్టు పైకి వచ్చింది. బురద కడిగి చూస్తే దాని మూడు కోన్లలో, అంటే పళ్లున్న దొర్లే శంకువుల్లో, ఒకటి బిగుసుకుపోయి ఉంది. దొర్లాల్సింది దొర్లక, రాతి మీద ఈడ్చుకుపోయి, ఒక పక్క పళ్లన్నీ చదునైపోయాయి. వేలితో తడిమితే అద్దంలా నున్నగా తగిలింది. కారణం? లోపల బేరింగును కాపాడే సీలు తెగిపోవడం. చేతి గాజంత రబ్బరు రింగు! దాని కోసం రెండు కిలోమీటర్ల పైపును ముక్కలు ముక్కలుగా విప్పుకుంటూ పైకి లాగాం, మళ్లీ అంతా దింపాలి.

తిట్టుకుంటూనే ఆ కోన్లను చూస్తూ కూర్చున్నాను. ఒకప్పుడు చేప తోక ఆకారంలో ఉండే బిట్లు రాయిని గీకేవి. గట్టి రాయి తగిలిందా, చేతులెత్తేసేవి. 1909లో హోవార్డ్ హ్యూస్ సీనియర్ రెండు కోన్ల బిట్టుకు పేటెంటు పొందారు. అది గీకదు, దొర్లుతూ రాయిని నలగ్గొడుతుంది. 1933లో ఆయన కంపెనీ ఇంజినీర్లు మూడో కోను చేర్చారు.

తమాషా ఏమిటంటే, 1970లలో వచ్చిన పీడీసీ (పాలీక్రిస్టలైన్ డైమండ్ కాంపాక్ట్) బిట్లలో కదిలే భాగమే లేదు. కృత్రిమ వజ్రపు పలకలు రాయిని చెక్కేస్తాయి. అంటే మళ్లీ గీకుడే! సీలు గొడవ లేదు కానీ, గులకరాళ్ల పొర తగిలితే ఆ పలకలు పెచ్చులూడతాయి.

పాత బిట్టును నా బల్ల మీద పెట్టుకుంటానని అడిగాను. ముందు దాన్ని ఎత్తి చూడమన్నారు. ఎత్తలేకపోయాను.