భుజం నొప్పి, ఎర్రచుక్క, కాల్షియం గొడవ

ఎడమ చెయ్యి వెనక్కి పోవడం మానేసింది. జడ వేసుకోలేను, జాకెట్టు హుక్కులు అందవు. షుగరున్నవాళ్లలో ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం బిగుసుకుపోవడం, ఎక్కువేనంటూ డాక్టరుగారు ఫిజియోథెరపీకి రాశారు. పది సిట్టింగులు.

మొదటిరోజు ఫిజియో అమ్మాయి నాకు ముదురు రంగు కళ్లజోడు తగిలించి, లావుపాటి పెన్నులాంటిది భుజానికి ఆనించింది. వేడి లేదు, చురుకు లేదు. ఒక ఎర్రచుక్క, అంతే.

"ఆ ఎరుపు గురి చూసుకోడానికేనండీ. పనిచేసే లేజరు కంటికి కనపడదు."

"ఇంతకీ ఏం చేస్తుందమ్మా?"

"కణాల్లో కాల్షియం పెంచుతుంది మేడమ్."

ఇంట్లో అదే చెప్పా. "అయితే ఆ కాల్షియం మాత్రలెందుకే, దండగ" అన్నారు అత్తగారు. నిజం చెప్పొద్దూ, రెండ్రోజులు మానేశాను కూడా. పదో తరగతికి జీవశాస్త్రం చెప్పేదాన్ని, సిగ్గుచేటు!

మూడోరోజు కూర్చుని చదివితే తెలిసింది, నాది ఎంత తెలివితక్కువ లెక్కో. ఎముకలో కాల్షియం గోడకి సిమెంటు లాంటిది. కణంలోపలిది కాలింగ్ బెల్. బయట ఉన్నదానికంటే లోపల సుమారు పదివేల రెట్లు తక్కువ ఉంటుంది. కాబట్టి కణపొరలో ఏ చిన్న ద్వారం తెరుచుకున్నా బెల్లు మోగినట్టే, కణం పనిలో పడుతుంది. లేజరు కాంతిని, కణానికి శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము పీల్చుకుంటుందనీ, కొన్ని రకాల కాంతికి ఆ ద్వారాలు కూడా తెరుచుకుంటాయనీ పరిశోధకులు అంటారు. చాలావరకు గాజు పళ్లేల్లో పెంచిన కణాల్లో చూసిన సంగతే ఇది. నా భుజంలో ఎవరు తొంగిచూశారు? మాత్రలకీ దీనికీ మాత్రం ఏ సంబంధమూ లేదు. మళ్లీ మొదలుపెట్టా.

1967లో బుడాపెస్టులో ఎండ్రే మెస్టర్ అనే డాక్టరు, లేజరు వల్ల క్యాన్సర్ వస్తుందేమోనని ఎలుకల వీపు గొరిగి చూస్తే, క్యాన్సర్ రాకపోగా వెంట్రుకలు త్వరగా మొలిచాయట. అది చదివాక "ఇంకో రెండు నిమిషాలు పెట్టమ్మా" అనడిగా. ఆ అమ్మాయి నవ్వింది. మోతాదు మించితే వచ్చే ఫలితం కూడా తగ్గుతుందట.

లేజరు అయ్యాక అసలు నరకం: కప్పీ తాడు లాగడం, గోడమీద వేళ్లు పైకి పాకించడం. వేళ్లు ఎంతవరకు అందాయో రోజూ పెన్సిలుతో గీత పెట్టేది.

ఎనిమిదో సిట్టింగునాడు లేజరు మిషను రిపేరుకెళ్లింది. గోడా, తాడూ మాత్రమే చేయించింది. గీత రెండు వేళ్ల మందం పైకి జరిగింది, ఆరోజే.