టీబీ లేని నాకు టీబీ మాత్రలు: విశాఖలో నా అనుభవం

టీబీ రాకుండా ముందుగా వేసుకునే ఐసోనియాజిడ్ కోర్సు నాకు నిన్నటితో ముగిసింది. ఆరు నెలలపాటు రోజుకొకటి చొప్పున వేసుకున్న ఆ 300 మిల్లీగ్రాముల మాత్ర నన్ను ఇబ్బంది పెట్టింది చాలా తక్కువ. అది చేతికి రావడానికి ముందు గడిచిన ఒక్క పూట మాత్రం ఇప్పటికీ మనసులో మెదులుతూనే ఉంది.

నేను గాజువాకలో ఒక రవాణా సంస్థలో లెక్కలు చూస్తాను. హెచ్‌ఐవీతో పదకొండేళ్ళుగా జీవిస్తున్నాను. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచి ఉంచే) మందులు క్రమం తప్పకుండా వాడుతున్నందువల్ల వైరల్ లోడు, అంటే రక్తంలో వైరస్ మోతాదు, ఎప్పుడూ అదుపులోనే ఉంది. అయినా టీబీ రాకుండా మందు వేసుకోవాలని డాక్టరు చెప్పినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. మా వంటివారి ప్రాణాలను అన్నిటికంటే ఎక్కువగా తీస్తున్నది టీబీయేనని నాకు తెలుసు. రోగనిరోధక శక్తిని చూపే సీడీ4 లెక్క బాగున్నా ఈ మందు అవసరమేనని కూడా ఆయన చెప్పారు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయా అని నాలుగు ప్రశ్నలు అడిగారు. నాలుగింటికీ లేదన్నాను. ఆ దశ రెండు నిమిషాల్లో ముగిసింది.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. ఆ ఏఆర్‌టీ కేంద్రంలో కొత్తగా చేరిన ఉద్యోగి ఒకరు నా చీటీ తీసుకొని, "టీబీ మందు మా దగ్గర ఇవ్వరు, టీబీ విభాగానికి వెళ్ళండి" అని పంపేశారు. హెచ్‌ఐవీ ఉన్నవారికి ఈ మాత్రలు ఏఆర్‌టీ కేంద్రంలోనే అందాలన్న ఏర్పాటు ఉందని అప్పటికి నాకు తెలియదు కాబట్టి, చెప్పినట్టే నడిచి వెళ్ళాను. అక్కడి కిటికీ దగ్గర నా చీటీని అటూ ఇటూ తిప్పి చూసి, "టీబీ ఉన్నట్టు రిపోర్టు ఏది?" అని అడిగారు. లేదన్నాను. "టీబీ లేకపోతే టీబీ మందెందుకు?" అన్నారు. రాకుండా ఉండడానికి అని చెప్పబోయేలోగా, చీటీ మీద రాసివున్న మూడక్షరాలను వెనక బెంచీ మీద ఉన్నవారికి వినపడేంత గట్టిగా చదివి, "అయితే ముందు గళ్ళ (కఫం) పరీక్ష చేయించుకో" అంటూ మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి చేతికిచ్చారు.

దగ్గే లేని మనిషి కఫం ఎక్కడి నుంచి తెస్తాడు? ఆవరణలో బాదం చెట్టు కింద నిలబడి, చొక్కా వీపుకు అంటుకుపోయే ఆ ఉక్కపోతలో, గొంతు గీరుకుపోయేదాకా పావుగంట దగ్గాను. పక్కనే మాస్కు పెట్టుకొని కూర్చున్న ఒక ముసలమ్మ జాలిపడి, "ఊపిరి గట్టిగా పీల్చి అప్పుడు దగ్గు నాయనా" అని నేర్పింది. చివరికి ఏదో పట్టుకెళితే, ల్యాబులో ఉన్నాయన డబ్బా పైకెత్తి వెలుతురులో చూసి, "ఏటి బాబూ ఇది? గళ్ళ తెమ్మంటే ఉమ్మి తెచ్చావేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్విన వారిలో మా ఆఫీసుకు రోజూ టీ తెచ్చే కుర్రవాడి తండ్రి ఉన్నాడు. డబ్బా అక్కడే పెట్టి బయటికి వచ్చేశాను. మూడు వారాలపాటు మళ్ళీ ఆ ఛాయలకు పోలేదు.

అవమానం కన్నా నన్ను ఎక్కువ మండించినది వేరొకటి ఉంది. టీబీ గాలి ద్వారా సోకుతుంది. రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ ఉన్న నన్ను, అది రాకుండా మందు అడిగినందుకే, గాలీ వెలుతురూ సరిగా లేని వరండాలో దగ్గేవారి నడుమ మూడు గంటలు నిలబెట్టారు. తప్పు ఆ రోగులది కాదు, వారూ నాలాగే వరుసలో నిలబడ్డవారే. చీటీ పైకి చదివినందుకు మరీ కోపం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం, నా సమ్మతి లేకుండా నా స్థితిని ఇలా నలుగురిలో బయటపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఈ మాట కిటికీ దగ్గరే అనవలసింది, నోరు రాలేదు.

హెచ్‌ఐవీ సహాయవాణి 1097కు ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి ఓపికగా విని, మందు ఏఆర్‌టీ కేంద్రంలోనే అడగమని చెప్పింది. ఈసారి నేరుగా డాక్టరు గదికే వెళ్ళాను. కొత్త ఉద్యోగితో మాట్లాడనేలేదు, మీరూ మాట్లాడకండి. లక్షణాలేవీ లేనప్పుడు కఫం పరీక్ష అక్కరలేదని డాక్టరు చెప్పారు. లక్షణాలుంటే మాత్రం పరీక్షలు చేయక తప్పదట, ఎందుకంటే లోపల జబ్బు ముదురుతుండగా ఈ ఒక్క మందే వేసుకుంటే క్రిములు దానికి లొంగకుండా తయారవుతాయి. పది నిమిషాల్లో మాత్రలు చేతికి వచ్చాయి. అరికాళ్ళలో తిమ్మిర్లు రాకుండా బీ6 మాత్ర కూడా ఇచ్చారు. కాలేయానికి దెబ్బ కాబట్టి మద్యం ముట్టవద్దనీ, కళ్ళు పచ్చబడినా, వాంతులైనా వెంటనే రమ్మనీ చెప్పారు. వారానికోసారి చొప్పున పన్నెండు వారాల్లో ముగిసే మందు కూడా ఉందని తర్వాత తెలిసింది. నాకు అందినది మాత్రం ఇదే.

ఒక్క రోజు కూడా తప్పలేదని గర్వంగానే చెప్పుకుంటాను. సింహాచలం గిరిప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచిన నాడు కూడా మాత్ర చొక్కా జేబులోనే ఉంది, హనుమంతవాక దగ్గర మజ్జిగ పంచేవారిని మంచినీళ్ళు అడిగి వేసుకున్నాను.

ఈ ఉదయం కార్డు మీద కోర్సు పూర్తయినట్టు రాయించుకోవడానికి వెళితే, ఆ కొత్త ఉద్యోగే కూర్చొని ఉన్నారు. తల ఎత్తకుండానే, "దగ్గు ఉందా?" అని అడిగారు. లేదన్నాను. ఈసారి డబ్బా ఇవ్వలేదు.