పుట్టకుండా పోయే జాబితాలు: హాస్కెల్ లైబ్రరీకీ కంపైలర్‌కీ మధ్య ఒప్పందం

ఒకటి నుంచి కోటి వరకు ఉన్న సంఖ్యల్లో బేసివి ఏరి, వాటి వర్గాలను కూడాలనుకుంటే హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయవలసింది ఒక్క వరుసే: ముందు ఏరే ఫిల్టర్, దానిపై ప్రతి సంఖ్యనూ వర్గంగా మార్చే మ్యాప్, ఆపైన కూడే సమ్. ఇంతకంటే స్పష్టంగా రాయడం కష్టం. అయితే రాసింది రాసినట్టే అమలు జరిగితే సమ్‌కు ముందు ప్రతి అడుగులో ఒక కొత్త జాబితా పుడుతుంది; యంత్రంపై పడే భారం తక్కువేమీ కాదు. 64 బిట్ల యంత్రంలో జాబితాలోని ఒక్కో కణానికి 24 బైట్లు, అందులోని పూర్ణాంకానికి మరో 16 బైట్లు పడతాయి. అవసరమైనప్పుడే విలువను లెక్కించే లేజీ పద్ధతి వల్ల జాబితా మొత్తం ఒకేసారి మెమరీలో నిలవదు గానీ, ప్రతి కణమూ ఒకసారి పుట్టాలి, ఒకసారి చదవబడాలి, ఆ తరువాత గార్బేజ్ కలెక్టర్ దాన్ని తీసివేయాలి.

ఈ మధ్యంతర నిర్మాణాలను తొలగించే పనికి ఫిలిప్ వాడ్లర్ 1988లో డీఫారెస్టేషన్ అని పేరు పెట్టారు. హాస్కెల్ ప్రోగ్రాములను యంత్రభాషలోకి మార్చే ప్రధాన కంపైలర్ జీహెచ్‌సీ జాబితాల విషయంలో నేటికీ ఆధారపడుతున్నది మాత్రం 1993లో ఆండ్రూ గిల్, జాన్ లాంచ్‌బరీ, సైమన్ పేటన్ జోన్స్ ప్రతిపాదించిన, అంతకంటే చాలా సరళమైన ఉపాయం. జాబితాను తయారుచేసే ఫంక్షన్లన్నిటినీ బిల్డ్ అనే ఫంక్షన్ ద్వారా, జాబితాను వాడుకునే ఫంక్షన్లన్నిటినీ, మూలకాలను కుడినుంచి ఒక్కటిగా కలిపే ఫోల్డ్‌ఆర్ ద్వారా రాయాలి. బిల్డ్ ద్వారా రాసిన ఫంక్షన్‌కు కణాన్ని ఎలా కట్టాలో, ఖాళీ జాబితా అంటే ఏమిటో ముందే తెలియదు. ఆ రెండింటినీ బయటినుంచి తీసుకుంటుంది. కాబట్టి బిల్డ్ పక్కనే ఫోల్డ్‌ఆర్ కనిపించినప్పుడు, సమ్ విషయంలో ఫోల్డ్‌ఆర్ చేతిలోని కూడికనూ సున్నానూ నేరుగా ఆ ఫంక్షన్‌కే అందిస్తే సరిపోతుంది. జాబితా అసలు పుట్టదు; మిగిలేది ఒక లూపు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న విషయం ఈ సూత్రం ఉన్న చోటు. అది కంపైలర్ లోపల ఎక్కడో దాగిలేదు. హాస్కెల్‌తో పాటే వచ్చే బేస్ లైబ్రరీ సోర్సులో, ఎవరైనా తెరిచి చదవగలిగే హాస్కెల్ ఫైల్లో, ఈ రూపం కనిపిస్తే ఆ రూపంగా మార్చు అని కంపైలర్‌కు చెప్పే ఒక రీరైట్ రూల్‌గా రాసి ఉంది. లైబ్రరీ రచయిత ఎవరైనా ఇలాంటి రూల్సు చేర్చుకోవచ్చు. ఆ రూల్ రెండు వైపులా టైపులు సరిపోతున్నాయా అన్నంతవరకే కంపైలర్ పరిశీలిస్తుంది. రెండు వైపులా ఒకే ఫలితం ఇస్తాయా అన్న బాధ్యత పూర్తిగా రాసినవారిదే. పైన చెప్పిన మూల సూత్రం కూడా మొదటి విలువను వెంటనే లెక్కించి రెండోదాన్ని తిరిగి ఇచ్చే సెక్ అనే ఫంక్షన్ ఎదుట నూటికి నూరుపాళ్లూ నిలవదు. బిల్డ్‌కు సెక్‌నే ఇచ్చి, నిర్వచితం కాని ఫంక్షన్‌తోనూ సున్నాతోనూ ఫోల్డ్‌ఆర్ చేస్తే, రూల్ వర్తించకముందు సున్నా రావలసిన చోట, వర్తించాక ప్రోగ్రామ్ ఆగిపోతుంది. అలాంటి కోడ్ నిజజీవితంలో దాదాపు ఎవరూ రాయరు కనుక, ఆ చిన్న నష్టాన్ని తెలిసే అంగీకరించారు. ఆ నిర్ణయం సబబేనని నేను భావిస్తాను.

మ్యాప్ నిర్వచనాన్ని దగ్గరగా చూస్తే ఈ ఒప్పందం ఎంత సున్నితమైనదో తెలుస్తుంది. జీహెచ్‌సీ సరళీకరణ దశలు 2, 1, 0 అని అవరోహణ క్రమంలో నడుస్తాయి. 1వ దశకు ముందు మ్యాప్‌ను ఒక రూల్ బిల్డ్, ఫోల్డ్‌ఆర్‌ల రూపంలోకి విప్పుతుంది. ఆ రూపంలో దానికి జోడీ దొరికితే రెండూ కలిసిపోతాయి. దొరకకపోతే, 1వ దశలో మరో రూల్ దాన్ని తిరిగి మామూలు మ్యాప్‌గా మార్చేస్తుంది. లేకుంటే విప్పిన రూపమే మిగిలిపోయి, మామూలు మ్యాప్ కంటే అధ్వాన్నమైన కోడ్ వచ్చేది. ఏ రూల్సు వర్తించాయో చూపించమని కంపైలర్‌ను అడగవచ్చు. పనితీరు ముఖ్యమైన కోడ్ రాసే ప్రతి ఒక్కరూ ఆ జాబితాను ఒకసారైనా చదవాలి.

ఫోల్డ్‌ఎల్ కథ ఇంకా లోతైనది. ఎడమనుంచి కూడుకుంటూ వచ్చే ఈ ఫంక్షన్‌ను కూడా ఫోల్డ్‌ఆర్‌తో రాయవచ్చు గానీ, అప్పుడు ప్రతి మూలకం దగ్గరా ఫలితంగా ఒక సంఖ్యకు బదులు, అప్పటివరకు వచ్చిన మొత్తం కోసం ఎదురుచూసే ఒక ఫంక్షన్ తయారవుతుంది. జాబితా కణాలను తప్పించి వాటి స్థానంలో ఫంక్షన్లను మెమరీలో పేర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. అందుకే చాలాకాలం సమ్, ఫోల్డ్‌ఎల్‌లు ఈ కలయికకు దూరంగా ఉండిపోయాయి. యోఆకిమ్ బ్రైట్నర్ రాసిన కాల్ ఆరిటీ అనే విశ్లేషణ, ఆ లోపలి ఫంక్షన్‌ను ఎప్పుడూ రెండు ఆర్గ్యుమెంట్లతోనే పిలుస్తున్నారని నిరూపించి, దాన్ని మామూలు లూపుగా మార్చగలిగింది. 2015లో వచ్చిన జీహెచ్‌సీ 7.10లో అది చేరాకే బేస్ లైబ్రరీలో ఫోల్డ్‌ఎల్ నిర్వచనం మారింది. లైబ్రరీలో ఒక్క నిర్వచనం మార్చడానికి కంపైలర్‌కు కొత్త విశ్లేషణ నేర్పవలసి వచ్చిందన్నమాట.

రెండు జాబితాలను జతచేసే జిప్ దగ్గర ఈ పద్ధతి పరిమితి బయటపడుతుంది: రెండు జాబితాల్లో ఒకదానితోనే అది కలవగలదు. స్ట్రీమ్ ఫ్యూజన్ అనే మరో పద్ధతి రెండింటినీ కలుపుతుంది, వెక్టర్ లైబ్రరీ దాన్నే ఎంచుకుంది. కానీ ప్రతి మూలకం నుంచీ ఒక జాబితా తయారుచేసి అన్నిటినీ కలిపే కాన్‌క్యాట్‌మ్యాప్ వంటి గూడుకట్టిన జాబితాల దగ్గర అది తడబడుతుంది.

ఇక నా అభ్యంతరం. ఆప్టిమైజర్ ప్రోగ్రామ్‌ను వేగవంతం చేయాలి; ప్రోగ్రామ్ నడుస్తుందా లేదా అన్నది ఆప్టిమైజర్ దయపై ఉండకూడదు. హాస్కెల్ 98 ప్రమాణపత్రం సమ్‌ను లేజీ ఫోల్డ్‌ఎల్‌తో నిర్వచించింది. చాలాకాలం జీహెచ్‌సీలో, ఆప్టిమైజేషన్ ఉంటే, ఏ విలువ ఎలాగూ అవసరమో ముందే గుర్తించే స్ట్రిక్ట్‌నెస్ విశ్లేషణ దాన్ని సరిదిద్దేది. లేకపోతే కోటి కూడికలు అలాగే పేరుకుపోయి మెమరీని మింగేసేవి. వెంటనే కూడుకుంటూ పోయే ఫోల్డ్‌ఎల్ ప్రైమ్ ఎన్నో ఏళ్లుగా డేటా లిస్ట్ మాడ్యూల్‌లో ఉన్నా, అది ప్రతి ప్రోగ్రామ్‌కూ అడగకుండానే అందే ప్రిల్యూడ్‌లోకి వచ్చింది 2024లో, జీహెచ్‌సీ 9.10తో. అంతకాలం కొత్తగా నేర్చుకునేవారి చేతికి మొదట అందింది వాడకూడని లేజీ ఫోల్డ్‌ఎల్ ఫంక్షనే. అది ఇప్పటికీ ప్రిల్యూడ్‌లోనే ఉంది. పాత ప్రోగ్రాములు చెడతాయి కనుక దాన్ని తీసివేయమని నేను కోరను. కానీ దాన్ని వాడిన ప్రతిచోటా కంపైలర్ ఒక హెచ్చరిక చూపించాలని మాత్రం గట్టిగా కోరుకుంటున్నాను.