ఆ నవ్వే ఆవిడ

పదకొండున్నర అయింది. నిద్ర పట్టడం లేదు. ఆ రికార్డులో కబుర్లాడుకునేవాళ్ళు ఇంకా నా చెవిలోనే ఉన్నారు.

పెద్దాడు పార్సిల్లో పంపిన జాజ్ రికార్డు సంగతే. బిల్ ఎవాన్స్ పియానో, స్కాట్ లఫారో డబుల్ బేస్, పాల్ మోషన్ డ్రమ్స్. 1961 జూన్ 25, ఆదివారం, న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అనే క్లబ్బులో జనం ముందు వాయించింది. ఒక్క ప్లేటులో పట్టేదాన్ని 45 స్పీడు, అంటే నిమిషానికి 45 చుట్లు, పేరు చెప్పి రెండు ప్లేట్లు చేశారు. సూది కింద గీత వేగంగా పోతే శబ్దం తేటగా ఉంటుంది, నిజమే. మరి నా మోకాళ్ళో? పడక్కుర్చీలో సర్దుకునేలోగా ఒక వైపు అయిపోతుంది. లేవడం, తిప్పడం, బ్రష్‌తో తుడవడం. "వినడానికి కూర్చున్నారా, గుంజీళ్ళు తీస్తున్నారా?" అంది మా ఆవిడ.

సరే, అదైనా భరించొచ్చు. లఫారోకి అప్పుడు పాతికేళ్ళు. జూలై 6న కారు ప్రమాదంలో పోయాడు. తీగ మీద అతని వేలు జారడం కూడా వినిపిస్తోంది. సరిగ్గా అప్పుడే గ్లాసు టంగుమంటుంది, ఎవరో ఆవిడ పకపకా నవ్వుతుంది. ప్లేటు ఎంత బాగా అచ్చేస్తే వాళ్ళ గోల అంత బాగా వినబడుతుంది. అన్ని వేలు పోసి కొన్నది ఈ కబుర్లు వినడానికా?

మా చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టాయన గుర్తొచ్చాడు. కొబ్బరిచెట్టుకి హారన్ కట్టేవాడు. సూది ఎగరకుండా దాని తల మీద పావలా బిళ్ళ పెట్టేవాడు. నేను దగ్గరికెళితే "చెయ్యి తియ్యండి బాబూ, ఆయ్" అనేవాడు. ఓ ఏడు ఎవరో రికార్డు మీద పానకం ఒలకబోశారు. తువ్వాలు పెట్టి గట్టిగా రుద్దేశాడు. ఆ తర్వాత రెండో చరణంలో ఒకేచోట టక్కుమనేది. వీధంతా ఆ టక్కు కోసం కాచుకునేది, పిల్లలమైతే నాలుకతో ముందే కొట్టేవాళ్ళం. తర్వాతెప్పుడో రేడియోలో ఆ పాటే వస్తే, టక్కు రాక, పాట తప్పు పాడారనుకున్నాను.

అంటే ఆ గ్లాసులు కూడా ఉండాల్సినవేనేమో. ఏమో. నవ్వే ఆవిణ్ణి మాత్రం ఒప్పుకోను.

మూడో వైపు సగంలో కరెంటు పోయింది. పియానో మూలుగుతూ పాతాళానికి జారి ఆగింది. అసలు ఆ ఆదివారం అక్కడా మొదటి పాటకే కరెంటు పోయి టేపులో కాసేపు ఖాళీ పడింది. ఫోన్లో చెబితే పెద్దాడు "అక్కడ కూడానా నాన్నా!" అని ఒకటే నవ్వు.

నాలుగో వైపు ఇంకా వినలేదు. సాయంత్రం వానకి దీపాల చుట్టూ ఉసిళ్ళు ముసిరాయి. ప్లేయర్ మూత వేశానో లేదో. లేచి చూసి రావాలి, మళ్ళీ.