మన్ననూరు గేటు పడేలోగా

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారి గురించి ఎవరికీ కొత్తగా చెప్పవలసింది లేదు. తుక్కుగూడ, కడ్తాల్, కల్వకుర్తి, డిండి, మన్ననూరు, దోమలపెంట అని ఊళ్ల పేర్లు అందరికీ వరసగా నోటికి వస్తాయి. మల్లన్న దర్శనం గురించి కూడా రాయబోవడం లేదు; అది చక్కగా జరిగింది. అచ్చంపేట దగ్గర హాజీపూర్ చౌరస్తాలో గడిచిన ఒక సాయంత్రం గురించి, 1984 నుంచి మా ఇంట్లో ఉన్న ప్రీమియర్ పద్మిని గురించి, దాని జబ్బేమిటో కనిపెట్టిన ఒక పెద్దమనిషి గురించి మాత్రమే రాస్తున్నాను.

పేరు పద్మినే అయినా అది ఇటలీ బండి. తురిన్‌కు చెందిన ఫియట్ 1953లో కొత్త రూపంలో తెచ్చిన 1100 కారు వంశంలోనిది. వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయిలోని కుర్లాలో 1964 నుంచి దీన్ని 1100 డిలైట్ పేరుతో తయారుచేశారు. 1970లలో పేరు మారింది గాని 1089 సీసీ ఇంజను, స్టీరింగు కిందనుండే గేరు రాడ్డు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు, వెనక కమాన్ కట్టలు అన్నీ అలాగే ఉండిపోయాయి. బుక్ చేసుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలంలో మా నాన్నగారు దాన్ని ఇంటికి తెచ్చారు.

ఆదివారం పొద్దున్నే ఆయన బానెట్ ఎత్తేవారు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత విప్పి, లోపల కలుస్తూ విడిపోతూ ఉండే పాయింట్లను ఎమెరీ కాగితంతో రుద్ది, సందు కొలిచే ఫీలర్ గేజి రేకు పెట్టి లాగి చూసుకునేవారు. ముందు చక్రాలు పక్కకు తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్నులకు గ్రీజు గన్ను పట్టి, పాత నల్లటి గ్రీజు పక్కనుంచి బయటికి తోసుకు వచ్చేదాకా కొట్టేవారు. డిక్కీలో ఒక బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో ఒక జత పాయింట్లు, కండెన్సరు, ఫ్యాను బెల్టు, రెండు ప్లగ్గులు, పెట్రోలు పంపులో ఆడే పలచటి పొర డయాఫ్రమ్, మంచి రాగి తీగ చుట్ట ఉండేవి. ఆ డబ్బా ఉన్నంతకాలం మా ఫియట్ దారిలో ఆగినా అరగంటకు మించి ఆగిన గుర్తు నాకు లేదు. పాత ఇటలీ కార్లను నమ్మలేమని జనం అంటుంటే నాకు బాధ కలుగుతుంది. చూసుకునే చేతిని బట్టే ఆ బండి నమ్మకం ఉంటుంది. ఆ చేతులు తగ్గిపోయాక నింద మొత్తం బండి మీద పడుతోంది.

రెండు వేసవుల నుంచి ఎండలో కాసేపు నడిస్తే చాలు, ఇంజను తడబడి ఆగిపోయేది. నగరంలోని ఒక పెద్ద గ్యారేజీకి ఇస్తే, పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే కార్బురేటర్ కిట్టు మార్చారు, రేడియేటర్ విప్పి కడిగించారు, కాయిల్ మార్చారు. పద్దెనిమిది వేల పైచిలుకు బిల్లు చేతిలో పెట్టి, పాత బండ్లు ఇంతే సార్ అని పంపించారు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లోనే 600 రూపాయల నుంచి 5,000కు పెరిగింది. పెట్రోలు అప్పటికే లీటరు నూట ఏడు రూపాయలు దాటి ఉంది. పన్నెండు కిలోమీటర్లకు ఒక లీటరు తాగే బండి ఇది. ఇంత పెట్టడానికి సిద్ధపడ్డవాణ్ణి కూడా, రోగం తెలియకుండా చేసిన వైద్యానికి డబ్బు ఇవ్వడం మండిస్తుంది.

అయినా మే నెలలో శ్రీశైలానికి ఫియట్‌లోనే బయలుదేరాం, ఎందుకంటే మా అమ్మ పట్టు పట్టింది. "మీ నాన్నతో పోయిన బండిలోనే పోవాలిరా" అంది. ఆ మాట మీద ఇంకొకరి కారు అడగబుద్ధి కాలేదు. భోజనాలయ్యాక బయలుదేరితే సాయంత్రానికి కొండ మీద ఉంటామని లెక్క వేసుకున్నాను. మన్ననూరు దగ్గర అటవీ శాఖ గేటు రాత్రి తొమ్మిదికి పడితే మళ్లీ పొద్దున ఆరింటికి గాని లేవదని తెలుసు గాని, అది మనకు అడ్డు వచ్చే సంగతే కాదనుకున్నాను.

కల్వకుర్తి దాటాక మొదటిసారి ఆగింది. పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు కూర్చుంటే కదిలింది. పంపు ఇంజనుకే బిగించి ఉంటుంది కాబట్టి వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై దారి మూసుకుపోతుందన్నది ఫియట్ వాళ్లందరికీ తెలిసిన విషయం, తడిగుడ్డ అందరికీ తెలిసిన మందు. అయితే ఆగడానికీ ఆగడానికీ మధ్య దూరం తగ్గుతూ వచ్చింది. డిండి దాటాక తాగే నీళ్లు కూడా పంపు మీదే పోశాను. హాజీపూర్ చౌరస్తా చేరేసరికి ఎండ వాలింది, అమ్మ ముఖం వాడిపోయింది.

అక్కడ ఒక రేకుల షెడ్డులో పంక్చర్లు వేస్తూ మోటారు సైకిళ్లు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. నేను అడగక ముందే చేతిలో పని పక్కన పెట్టి వచ్చాడు. బానెట్ మీద అరచేయి ఆనించి, "సెల్ఫు కొట్టు సారూ" అన్నాడు. కొట్టాను. తల పక్కకు వంచి విన్నాడు. "బొంబాయి బండి. ఇరవై ఏండ్లు గీ బండ్ల కిందనే పన్న నేను" అన్నాడు.

పాలమూరు నుంచి బొంబాయి బస్సు ఎక్కిన వేలమందిలో ఆయన ఒకడు. తల్లిదండ్రులతో మట్టి పనికి పోయి, మీసం రాకముందే కుర్లాలో ఒక టాక్సీల గ్యారేజీలో చేరాడు. ముంబయిలో నలుపు పసుపు రంగుల పద్మిని టాక్సీలకు ఇరవై ఏళ్ల గడువు పెట్టాక అవి ఏటేటా తగ్గిపోయి, 2023 అక్టోబరు చివరికి పూర్తిగా రోడ్డు దిగిపోయాయి. చేతికి పని తగ్గిన రోజుల్లోనే ఊరికి తిరిగి వచ్చేశానని, ఇక్కడికి వచ్చాక ఫియట్ బానెట్ ఎత్తడం ఇదే మొదలని చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన చేతులు పని మానలేదు.

తడిగుడ్డ తీసి పక్కన పారేశాడు. పంపు నుంచి కార్బురేటర్‌కు వెళ్లే గొట్టం విప్పి, దాని కొసను ఖాళీ నీళ్ల సీసాలో పెట్టి, మళ్లీ సెల్ఫు కొట్టమన్నాడు. పెట్రోలు వచ్చింది గాని, ఒక ధారగా రాలేదు. సోడా పొంగినట్టు బుడగలతో వచ్చింది. ఆయన ఆ సీసాను నా కళ్ల ముందు పట్టుకుని, "ఊదే దిక్కు పైపు పలిగితె పెట్రోలు కారుతది, నీకు కనవడ్తది. గుంజే దిక్కు పలిగితె గాలి గుంజుతది. సుక్క గూడ కింద పడది" అన్నాడు.

ట్యాంకు వెనకాల ఉంటుంది, పంపు ముందు ఉంటుంది. మధ్యలో ఇనుప గొట్టం, దానికి రెండు కొసలా చిన్న రబ్బరు ముక్కలు. ఆయన బండి కిందికి దూరి ట్యాంకు వైపు ముక్క కోసి తెచ్చాడు. పైకి నిక్షేపంగా ఉంది. నిలువుగా బ్లేడుతో చీల్చి చూపితే లోపలి పొర ఉబ్బి, జిగురుగా మారి, వేలికి నల్లగా అంటుకుంది. క్లిప్పు బిగించిన చోట వెంట్రుకంత పగులు ఉంది. పంపు వేడెక్కినప్పుడు ఆవిరితోనూ, ఈ పగులు నుంచి వచ్చే గాలితోనూ ఒకేసారి తన్నుకోలేక చేతులెత్తేసేది. చల్లబరిస్తే ఆవిరి బాధ తగ్గి, ఉన్న బలంతో నెట్టుకొచ్చేది. తడిగుడ్డతో కదులుతోంది కనుక రోగం వేడిదేనని అందరూ అనుకున్నారు, గ్యారేజీ వాళ్లతో సహా.

ఆ రబ్బరు అలా అయిందంటే పెట్రోల్లో కలుపుతున్న ఇథనాలు అనే ఆల్కహాలు వల్లనేనని ఆయన గట్టిగా నమ్ముతున్నాడు, నాకూ అదే సబబుగా తోచింది. 2030కి అనుకున్న ఇరవై శాతం ఇథనాలు కలపడాన్ని ప్రభుత్వం ముందుకు జరిపి 2025కే సాధించింది. 2023 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బండ్లలో రబ్బరు, లోహం దానికి తగ్గట్టు తయారయ్యాయి. 1984 నాటి రబ్బరు కాలేదు. ఇథనాలు పాత రబ్బరును ఉబ్బించడమే కాకుండా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ నీరు విడిపోయి ట్యాంకు అడుగున చేరి తుప్పు పట్టిస్తుంది. దానిలో ఆక్సిజన్ ఉంది కనుక పాత కార్బురేటర్ ఇచ్చే మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది. దానికి గుర్తుగా, మా ప్లగ్గులు తీసి చూస్తే గోధుమ రంగుకు బదులు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. విదేశీ ముడి చమురు దిగుమతి తగ్గాలన్న ఉద్దేశాన్ని నేను కాదనను. అయితే బంకులో ఇథనాలు కలపని మామూలు పెట్రోలు ఒక్క గొట్టంలోనైనా దొరక్కుండా చేసి, పాత బండి ఉన్నవాడి గోడు ఎవరూ వినకపోవడం అన్యాయం.

"టాక్సీ రాత్రింబగళ్లు నడుస్తది, పెట్రోలు నిల్వ ఉండది. మీ అసుంటోళ్ల బండి నెలకోపారి బయటికొస్తది. నిలవడ్డ బండే కరాబైతది" అన్నాడాయన. మా నాన్నగారు రోజూ ఆఫీసుకు అదే కారులో వెళ్లేవారని అప్పుడు గుర్తొచ్చింది. నేను దాన్ని గుడ్డ కప్పి జాగ్రత్త చేస్తున్నాను.

ఇంజక్షన్ బండ్లకు వాడే పెట్రోలు పైపు తన దగ్గరే ఉంటే రెండు ముక్కలు కోసి కొత్త క్లిప్పులతో బిగించాడు. మధ్య ఇనుప గొట్టంలోకి గాలి కొట్టాడు. ట్యాంకు అడుగు బిరడా విప్పితే టీ గ్లాసెడు ఎర్రటి తుప్పు నీరు దిగింది. కార్బురేటర్‌కు ఉన్న చిన్న మరను పావు చుట్టు తిప్పి, మళ్లీ చెవి పెట్టి విని, చాలన్నాడు. అంతా కలిపి ఏడు వందలు అడిగాడు. ఎక్కువ ఇవ్వబోతే అడిగిందే తీసుకుని మిగతాది తిరిగి ఇచ్చేశాడు. అమ్మకు టీ తెప్పించి, "పెద్దమ్మా, ఇగ నిమ్మలంగ పోండ్రి" అన్నాడు.

గేటు పడకముందే మన్ననూరు దాటాం. వటవర్లపల్లి, దోమలపెంట ఎలా గడిచాయో చెప్పడానికి పెద్దగా లేదు. ఇంజను ఒక్క తడబాటు లేకుండా పాడుతోంది, నేను దాన్నే వింటున్నాను. డ్యామ్ వైపు దిగేటప్పుడు డ్రమ్ము బ్రేకుల మీద భారం వేయకుండా రెండో గేరులోనే దిగాను, ఎక్కేటప్పుడూ అదే గేరులో సున్నిపెంట దాకా తీసుకెళ్లింది.

తిరుగు ప్రయాణంలో చౌరస్తా దగ్గర ఆపాను. ఆయన బానెట్ ఎత్తకుండానే విని తలూపాడు. ట్యాంకు దించి లోపలంతా కడిగితే తప్ప తుప్పు పోదని, వానలు తగ్గాక బండిని రెండు రోజులు తన దగ్గర వదిలితే ఆ పని చేస్తానని చెప్పాడు. ఇథనాలుకు తట్టుకునే డయాఫ్రమ్, కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్, గాస్కెట్లు ముందే తెప్పించి పెట్టమన్నాడు. కుర్లాలో ఏ వీధిలో అడగాలో సిగరెట్ అట్ట వెనక హిందీలో రాసిచ్చాడు. డయాఫ్రమ్ వచ్చింది, నీడిల్ ఇంకా రావాలి.